తర్వాతి భాగంలో వస్తాడు

22-11-98, ఆదివారం రాత్రి
బందరు

ఆ అంతరిక్ష యుద్ధాల సినిమాకి మళ్లీ కొత్త భాగాలు తీస్తున్నారని ఇవాళ పేపర్లో పడింది. పాత భాగాల కథంతా తెలుగులో వేశారు. రెండుసార్లు చదివాను. అందులో హీరోకి తమ్ముడనేవాడే లేడు.

చిన్నప్పుడు వీడియో హాల్లో ఆ ఇంగ్లీషు మాకెవరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మా జట్టులో రత్నమే కథ చెప్పేవాడు. "హీరోకో తమ్ముడున్నాడ్రా. గ్రహం పేలినప్పుడు కొట్టుకుపోయాడు. చావలేదు, తర్వాతి భాగంలో వస్తాడు." మూడు భాగాలూ అయిపోయాయి, వాడు రాలేదు. పదేళ్ల పైనుంచీ నాలుగోదాని కోసం చూస్తూనే ఉన్నాను. నా అంత వెర్రివాడు ఉండడు.

పేపరు పట్టుకుని చిలకలపూడి వెళ్లాను. రత్నం రోల్డుగోల్డు గాజులకు టంకం పెడుతున్నాడు.

"తమ్ముడే లేడంట కదరా! ఇన్నేళ్లూ మమ్మల్ని వెధవల్ని చేశావు" అని నవ్వాను.

"ఎవర్రా లేడన్నది?" అన్నాడు, తల ఎత్తకుండానే.

అప్పుడు చూశాను గోడ మీద ఫోటో. దివిసీమ ఉప్పెనలో పోయిన రత్నం తమ్ముడు. శవం దొరకలేదు. మొన్న సమాధుల పండక్కి కూడా వాళ్లమ్మ వాడి పేరున కొవ్వొత్తి వెలిగించనివ్వలేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా ఆ మాట...

ఏదో ఒకటి అనాలని, "కొత్తవి తర్వాతి కథ కాదంట. అంతకు ముందు జరిగిన కథంట" అన్నాను.

రత్నం చెయ్యి ఆగింది.

"ముందుదా? అయితే అందులో ఉంటాడులే" అన్నాడు.