ఒత్తుడే పని అనుకున్న చెయ్యి

1976 ఆగస్టు, మంగళవారం రాత్రి

చందానగర్ షెడ్డులో చేత్తో కార్లకు పాలిష్ రుద్ది రుద్ది మా బాపు కుడి భుజం అరిగిపోయింది. ఆయన పని నిలవాలంటే పాలిష్ మిషన్ కొనక తప్పలేదు. ఒక రకం ఊరికే గిరగిరా తిరిగి రంగును మాడుస్తుందట. రెండో రకమే కావాలని నేను పట్టుబట్టాను. దాని ఇంగ్లీషు పుస్తకం చదివి, "ఇసుర్రాయి లెక్క తిరుగుతది, జల్లెడ లెక్క ఊగుతది బాపూ," అన్నాను. ఆ మాటలు దొరికినందుకు గర్వపడ్డాను కూడా.

ఈరోజు డాక్టరుగారి నల్ల కారు మీద బాపు కొత్త మిషన్‌ను అలవాటుగా గట్టిగా ఒత్తాడు. అది ఊగుతూనే ఉంది, తిరగడం మాత్రం ఆగిపోయింది.

"ఏంది బిడ్డా, నీ ఇసుర్రాయి సచ్చిందా?"

"ఒత్తకు బాపూ. దాని బరువే సాలు."

చెయ్యి సడలించాడు. అది తిరిగింది. కాసేపటికి బానెట్‌లో ఆయన ముఖం తేలింది.

"ఇరవై ఏండ్లు ఒత్తుడే పని అనుకున్న," అన్నాడు, భుజం పట్టుకుని.