ఎదుటి దుకాణం మీద మన బోర్డు

కొండల్, మన కుట్టు దుకాణానికి మనం కాగితం మీద రాసుకున్న బోర్డు, పేరూ నెమలి బొమ్మతో సహా, పొద్దున్నుంచి ఎదుటి దర్జీ దుకాణం మీద వేలాడుతోంది. నువ్వు అటు పోకు. ఎవరి కాలరూ పట్టుకోకు. పప్పు గిన్నెలో ఉంది, తిను. శుక్రవారం దుకాణం తెరవాలి కనుక కొత్త పేరుతో పెయింటర్ అక్తర్ దగ్గరికి మళ్లీ పోతున్నాను. ఆ పేరు నీకు కూడా చెప్పను.

మన కాగితం ఎవరు బయటపెట్టారని పొద్దున్నే అతణ్ని నిలదీశాను. అతను గట్టిగానే అన్నాడు:

"పరేషాన్ గాకు అక్కా, దొంగెవ్వడు లేడు. స్టేషన్ కాడ చాయ్ హోటల్ల కాగితం పరిచి, ఎట్లుందే అని అందర్ని అడిగిండు. గా దర్జీ గూడ పక్కనే కూసోని మస్తుందన్నడు. అడిగింది మీ తమ్ముడు కొండలే!"