నాలుక మీద రెండు తీగలు

పుంగనూరు దగ్గర,
1979 జూన్

ప్రియమైన అమరావతికి,

కుప్పం నుంచి నువ్వు రాసిన ఉత్తరాలన్నీ అందాయి. జవాబు లేదని కోపం తెచ్చుకోకు. రాయడానికి ఏమీ కనబడలేదు. ఆయన పోయి మూడో నెల నడుస్తోంది. బావి దగ్గర మోటారు ఆడడం లేదని చూడబోయాడు, కరెంటు కొట్టింది. ఆ సంగతి నీకు తెలిసిందే. ఆరునెల్లు గడప దాటకూడదని మా అత్త బయ్యమ్మ చెప్పింది. దాటాలని నాకూ లేదు. పొద్దున లేస్తాను, వండుతాను, వడ్డిస్తాను, మళ్ళీ వండుతాను. ఇంతవరకూ కంట నీళ్ళు రాలేదు. దినాలకు వచ్చినవాళ్ళు "మనిషి కాదు సామీ, రాయి" అని నాకు వినబడేటట్టే అనుకున్నారు. వినబడింది. బాధ కలగలేదు.

నిన్నొకటి అడగాలి. మదనపల్లెలో మనం తొమ్మిదో తరగతిలో ఉండగా సరస్వతమ్మ టీచరు మైలుతుత్తంతో, ఉప్పునీళ్ళతో బ్యాటరీ చేసి చూపించింది, గుర్తుందా? తీగలు నాలుకకు ఆనించగానే నువ్వు ఎగిరి బెంచీ కింద పడ్డావు. అది ఎలా చేయాలో నాకు సగమే గుర్తుంది. రాసి పంపు. ఆయన ట్రాన్సిస్టరు మూగగా పడి ఉంది. చావింట్లో రేడియోకు సెల్లులు కావాలని ఎవరిని అడగను?

నీ
వసంత

కుప్పం,
జూన్

నా వసంతా,

నీ ఉత్తరం స్కూల్లోనే చదివి ఏడ్చేశాను. నీ వంతు ఏడుపు కూడా నాకే వచ్చినట్టుంది.

ఇప్పుడు ఏటా నేను పిల్లలకు చెప్పే పాఠమే అది. వెడల్పు మూతి జాడీలో నీళ్ళు పోసి, మీ టమేటా తోటకు కొట్టే మైలుతుత్తం చిక్కటి నీలం వచ్చేదాకా కలుపు. అందులో రాగిరేకు ఒకటి నిలబెట్టు. జాడీ మధ్యన మట్టి ముంత పెట్టి, దాంట్లో ఉప్పునీళ్ళు పొయ్యి. అయిపోయిన టార్చి సెల్లు మీది తుత్తునాగం రేకు, అదే జింకు, ఒలిచి, కడిగి, ముంతలో పెట్టు. రెండు రేకులకూ చెరొక తీగ కట్టు. ఆ జాడీని మళ్ళీ ఊరగాయకు వాడకు. చేతులు బాగా కడుక్కో. మైలుతుత్తం విషం.

కానీ ఈ కాస్త కరెంటుతో ట్రాన్సిస్టరు పాడదే పిచ్చిదానా. ఆ మాత్రం నీకు తెలియదా? సైన్సులో ఎప్పుడూ నాకంటే నీకే ఎక్కువ మార్కులు వచ్చేవి. మరెందుకు అడిగావో నాకు అర్థం కాలేదు.

నీ
అమరావతి

పుంగనూరు దగ్గర,
జూలై

ప్రియమైన అమరకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. పాత రాగిబాన పగిలిన ముక్క ఉంటే కత్తిరించాను. గడప దాటి కుమ్మరింటికి పోలేను కదా, అటక మీద ఉన్న నెయ్యి ముంతను కుంకుడుకాయతో తోమి పెట్టాను. నీళ్ళు మంచి నీలంగా వచ్చాయి. తీగలు నాలుకకు ఆనించుకుని చాలాసేపు కూర్చున్నాను. ఏమీ తెలియలేదు. తీగలు మార్చి పెట్టాను. అప్పుడూ అంతే.

నా నాలుక చచ్చిపోయింది అమరా. చారులో ఉప్పు ఎంత పడుతోందో నాకు తెలియడం లేదు. కారం తెలియదు, పులుపు తెలియదు. ఇంట్లో మేమిద్దరమే. అత్త తల వంచుకుని తినేసి లేచిపోతుంది. ఏమీ అనదు.

మైలుతుత్తం పొట్లంలో ఇంకా చాలా మిగిలింది.

వసంత

కుప్పం,
జూలై

వసంతా,

నీ నాలుకకు ఏమీ కాలేదు. తప్పు ముంతది. అది ఎన్నేళ్ళు నెయ్యి తాగిందో! దాని రంధ్రాలన్నీ మూసుకుపోయి ఉంటాయి. లోపలి ఉప్పునీళ్ళకూ బయటి నీలం నీళ్ళకూ ఆ మట్టిలోంచి కాస్త తడి దారి ఉంటేనే కరెంటు పారేది. ఎంత తోమినా నెయ్యి ముంత పనికిరాదు. ఈ తప్పు నా దగ్గర ఏ విద్యార్థీ చేయలేదు, ఎందుకంటే వాళ్ళెవరినీ గడపలోపల కూర్చోబెట్టలేదు.

మా స్కూలు అటెండరు మునెప్ప ఎద్దుల కోసం పుంగనూరు సంతకు వస్తున్నాడు. అతనితో కొత్త ముంత పంపుతున్నాను. మిగిలిన మైలుతుత్తం పొట్లం అతని చేతికి ఇచ్చెయ్. నీ ఉత్తరంలో ఆ చివరి మాట మళ్ళీ మళ్ళీ చదివాను. నువ్వు ఏమీ చేసుకోవని నాకు రాసి ఇవ్వాలి. ఆ బ్యాటరీ ఎందుకో నిజం కూడా రాయాలి. రేడియో పిచ్చి ఆయనది, నీది కాదు.

అమర

పుంగనూరు దగ్గర,
ఆగస్టు

ప్రియమైన అమరావతికి,

పొట్లం మునెప్పకు అప్పుడే ఇచ్చేశాను, నీకు ముట్టే ఉంటుంది. నువ్వు భయపడినట్టు నేనేమీ చేసుకోను. దానికి కూడా మనసులో ఏదో ఒకటి కదలాలి కదా, నాకు అదీ కదలలేదు.

నిజం అడిగావు. ఆయనకు ఆ చివరి క్షణం ఎలా ఉండిందో తెలుసుకోవాలనిపించింది. అంతకుమించి నాకు వేరే ఏ కోరికా లేకపోయింది. కరెంటు అన్న మాట వినడమే గాని అదేమిటో నాకు తెలిసింది తొమ్మిదో తరగతిలో నాలుక మీద ఒక్కసారే. అది మళ్ళీ కావాలనిపించింది.

కొత్త ముంత పెట్టాను. తీగలు ఆనించగానే చురుక్కుమంది. నోట్లో తుప్పు రుచి. ఆ నాలుకతోనే పోయి చారు చవిచూశాను. ఉప్పు! నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు. మూడు నాలుగు నెలలుగా ఆ ముసలిది అదే తింటోంది.

"యాల చెప్పలేదు అత్తా?" అని అడిగాను.

"నాకు తెలిస్తే కదమ్మా చెప్పేకి. మన్ను తిన్నెట్లు ఉండాది ఏం తిన్నా," అనింది. తర్వాత నా చేతిలో తీగలు చూసింది. "అదేంది?"

"కరెంటు అత్తా. శానా కొంచెం. ఏమీ కాదు."

నేను తప్పు చేశాననుకున్నాను. ఆమె నా ఎదురుగా నేల మీద చతికిలబడి, కళ్ళు మూసుకుని, చంటిపిల్లలా నాలుక బయటపెట్టింది. పెట్టాను. ఉలిక్కిపడింది.

"సురుక్కుమనింది," అనింది. నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "నా బిడ్డకు ఇంతేనా అమ్మా? వాడికి తెలిసింది ఇంతేనా?"

"ఇంతే అత్తా," అన్నాను.

అబద్ధం. చదువుకున్నదాన్ని, నాకు తెలుసు. ఆ మాట నా నోటి నుంచి వచ్చాక ఏడుపు వచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆమె నా చెయ్యి వదలలేదు, ఏడవద్దనీ అనలేదు.

ఇవాళ చారులో ఉప్పు తనే వేసింది. కొంచెం తగ్గింది. తగ్గిందని ఇద్దరికీ తెలిసింది.

నీ
వసంత