సాలవ్వ రాత్రి ఏం తిన్నది?

ఎల్లారెడ్డి,
జూన్ 12

ప్రియమైన వందనకు,

ప్రభువు కృపలో మీ మేనత్త రూత్ దీవెనలు. నువ్వు ఫోన్ చేస్తే నీ మాట నా చెవికి అందదు. "తిన్నవా బిడ్డా" అని అడిగి, నువ్వేం చెప్పావో తెలియకుండానే పెట్టేస్తాను. ఇది అట్లా పెట్టేసే సంగతి కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. కోపంగా ఉన్నానని ముందే చెబుతున్నా.

మొన్న మీ ఆఫీసు నుంచి ఆశ్రిత అనే అమ్మాయి వచ్చింది. మెడలో కార్డు, చేతిలో ట్యాబ్, ప్రశ్నల కాగితం. అరవై దాటినవాళ్లు ఏం తింటున్నారో అడగాలట, పదకొండు మంది ఇండ్లు చూపించమంది. ముప్పై ఏండ్లు అంగన్వాడీ నడిపినదాన్ని, నాకు తెలియని ఇల్లు ఉందా? వెంట తిరిగాను. మనిషికి పద్దెనిమిది ప్రశ్నలు. ఆరు నిమిషాల్లో అయిపోయింది. డెబ్భై ఏండ్ల మనిషి తిండి ఆరు నిమిషాల్లో!

మా వెనక ఇంటి సాలవ్వ నీకు తెలుసు కదా. "రోజుకు ఎన్ని కప్పుల అన్నం తింటారు?" అని అడిగింది. సాలవ్వ ఇంట్లో కప్పంటే చాయ్ తాగేది. "కప్పుల అన్నమెవరు తింటరు బిడ్డా?" అని ఆమె నవ్వింది. ఆ జాబితాలో ఓట్స్ ఉన్నాయి, బ్రెడ్ ఉంది. మనం తినే జొన్న గట్క లేదు, అంబలి లేదు. ఎవరి తిండి గురించి రాశారమ్మా మీరు?

ఇంతవరకైతే నవ్వి ఊరుకునేదాన్ని. "రాత్రి భోజనం వారానికి ఎన్ని రోజులు?" అంటే సాలవ్వ, "రోజు తింట. పాలు గుడ తాగుత, గుడ్డు గుడ తింట" అంది. ఆ మాట అంటున్నంతసేపూ ఆమె చూపు గుమ్మంలో నిలబడ్డ కొడుకు మైసన్న మీదే ఉంది. పోయినేడు కుట్టించుకున్న రవిక ఇప్పుడు ఆమె భుజాల మీద నిలవడం లేదు. కళ్లున్నవాళ్లకు కనబడదా? ఆశ్రితకు కనబడలేదు. ఏడు అని నొక్కి, "థాంక్యూ అవ్వా" అని లేచింది.

నన్ను కూడా అడిగింది, చెప్పాను. ఆ కాగితం పట్టుకుని మా గురించి ఏం రాస్తారో, అందులో నీ చేయి ఎంత ఉందో నాకు తెలియాలి.

ఆశీర్వాదాలతో,
అత్తమ్మ

*

కామారెడ్డి,
జూన్ 20

ప్రియమైన అత్తమ్మకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోప్పడటానికి నీకు హక్కుంది. కానీ మేం చేస్తున్నది మీ తిండిని కొలవడం కాదు, ఆ కాగితాన్ని కొలవడం.

ఆ పద్దెనిమిది ప్రశ్నలూ ఎక్కడో పట్నంలో తయారయ్యాయి. మన దగ్గర ముసలివాళ్ల తిండి గురించి అవి ఎంత నిజం చెబుతాయో చూడటమే మా పని. అందుకే వచ్చే నెలలో ఆశ్రిత మళ్లీ వస్తుంది. మూడు వేర్వేరు రోజులు వచ్చి, నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏం తిన్నారో ఒక్కొక్కటీ అడుగుతుంది. మీ ఇంటి గిన్నెలు, గంటెలే తీసి, తూకం వేసి రాసుకుంటుంది. ఆ లెక్కకూ ఈ ఆరు నిమిషాల జవాబులకూ పొంతన కుదరకపోతే కాగితం పనికిరాదన్నట్టే.

ఇది పనికొస్తుందో లేదో తేలడం ముఖ్యం అత్తమ్మా. ఒక సేవా సంస్థ మన జిల్లాలో ముసలివాళ్లకు రోజూ ఒక పూట భోజనం పెట్టాలనుకుంటున్నది. ఏ ఊళ్లో పెట్టాలో ఈ కాగితం చూసే నిర్ణయిస్తారట. సాలవ్వ ఏడు రోజులూ తింటున్నదని కాగితం అంటే, మీ వాడకు ఆ భోజనం రాదు.

కాబట్టి నాకు సాయం చెయ్యి. ఆశ్రిత వచ్చినప్పుడు దగ్గర కూర్చో. ఉన్నది ఉన్నట్టు చెప్పమను.

నీ వందన

*

ఎల్లారెడ్డి,
జూలై 24

ప్రియమైన వందనకు,

మూడు రోజులూ అయిపోయాయి. ఆశ్రిత మీద నా కోపం తగ్గింది. ఎండలో, ముసురులో త్రాసు సంచీ భుజాన వేసుకుని తిరిగింది. ఓపిక ఉన్న పిల్ల.

నాగిరెడ్డిపేట దారిలోని తండాకు కూడా వెళ్లాం. అక్కడి హంస్లి ముందు జూన్లో కూరగాయలు తిననని చెప్పింది, గుర్తుందట ఆశ్రితకు. ఇప్పుడు చూస్తే మూడు రోజుల్లో మూడు రోజులూ గంగవాయిలి కూర, తోటకూర. పెద్ద పళ్లెం నిండా. "మరి తిననన్నరు కద?" అంటే హంస్లి వింతగా చూసింది. "కూరగాయలంటే అంగట్ల కొంటరు. ఇది ఆకు. చేన్ల దొరుకుతది" అంది. తప్పెవరిది, వందనా? అడిగినదానికి ఆమె సరిగ్గానే చెప్పింది.

ఇక సాలవ్వ. మైసన్న మిల్లు పనికి పోయిన వేళ చూసి వెళ్లాం. పొద్దున చాయ్, అందులో ముంచుకుని సగం రొట్టె. మధ్యాహ్నం అన్నం, పచ్చిపులుసు. "రాత్రి ఏం తిన్నవు అవ్వా?" అంటే "ఏం తినలే." "మొన్న రాత్రి?" "మొన్న గుడ తినలే." ఎందుకని అడిగితే కొంగుతో మూతి తుడుచుకుని, "ఆకలి గాదు" అంది. మూడుసార్లూ అదే మాట.

ఆకలి కాదట! పొయ్యి మీద కోడలు అనిల వండిన పప్పు ఉంది, అయిదుగురికి సరిపోయేంత. ఇంట్లో ఉన్నది ఆమెకు అందడం లేదన్నమాట. ఆ రోజు గుమ్మంలో వాడు ఎందుకు నిలబడ్డాడో నాకిప్పుడు అర్థమయింది. వాడికి అక్షరాలు దిద్దించింది నేను. నిన్న ఎదురొచ్చి "బాగున్నరా టీచరమ్మా" అంటే మొహం తిప్పుకున్నాను.

ఆశీర్వాదాలతో,
అత్తమ్మ

*

కామారెడ్డి,
ఆగస్టు 19

ప్రియమైన అత్తమ్మకు,

ఎవరితో చెప్పుకోవాలో తెలియక నీకు రాస్తున్నాను.

లెక్కలు వచ్చాయి. మీ దగ్గర పదకొండు మందిలో ఏడుగురికి రెండు జవాబులకూ పొంతన లేదు. పిట్లం, నస్రుల్లాబాద్ వైపు కూడా ఇదే వరస. కాగితం పనికిరాదని తేలిపోయిందనుకున్నాను. మా ప్రాజెక్టు పెద్ద సిద్దార్థ సారు ఆ పేర్లన్నీ విడిగా ఒక జాబితాకు ఎక్కించారు. "వయసు మీదపడ్డవాళ్లు, జ్ఞాపకం సరిగా ఉండదు. వీళ్ల జవాబులు నమ్మలేం, తీసేద్దాం" అన్నారు. వాళ్లను తీసేస్తే మిగిలినవాళ్లకు అద్భుతంగా కుదురుతుంది. కాగితం గెలుస్తుంది.

"సార్, కుదరనివాళ్లందరినీ తీసేస్తే ఏ కాగితమైనా గెలుస్తది" అన్నాను. "జాబితా కింద ఫీల్డ్ సూపర్వైజర్‌గా నీ సంతకం కావాలి. శుక్రవారం లోపల" అన్నారు. మూడు రోజుల కింద తిన్న పచ్చిపులుసులో ఉల్లిగడ్డ వేశారో లేదో కూడా చెప్పిన మనుషులకు మతిమరుపట! ఒళ్లు మండిపోయింది.

జాబితా చదువుకుంటూ పోతే నాలుగో పేరు నీది.

జూన్లో వారానికి నాలుగు గుడ్లన్నావు, రోజూ పాలన్నావు, రాత్రి భోజనం ఏడు రోజులన్నావు. జూలైలో మూడు రోజుల్లో ఒక్క గుడ్డు లేదు, పాలు లేవు. రెండు రాత్రులు ఏమీ తినలేదు. ఆశ్రిత తప్పు రాసిందేమోనని అడిగాను. లేదంది.

సాలవ్వ కోసం అంత కోపం తెచ్చుకున్నదానివి, నీ సంగతి నాకెందుకు చెప్పలేదు? ప్రతిసారీ నన్ను "తిన్నవా" అని అడుగుతావు. నిన్ను నేను ఏమని అడగాలి?

నీ వందన

*

ఎల్లారెడ్డి,
ఆగస్టు 21

ప్రియమైన వందనకు,

నిన్న ఆశ్రిత తెచ్చిచ్చిన ఉత్తరం చదివి ముందు మీ సారు మీద మండిపడ్డాను. నాకు మతిమరుపా? నా అంగన్వాడీలో చదివిన పిల్లల పేర్లు ఏ ఏడాదివైనా అడగమను, చెబుతాను. తర్వాత నీ చివరి మాటలు మళ్లీ చదువుకున్నాను.

నేను మరిచిపోలేదు బిడ్డా. అబద్ధం చెప్పాను. ఆ రోజు ఆశ్రిత నన్ను అడిగింది సాలవ్వ ముందు, ఆ పదకొండు మందిలోనే ఉన్న అంజవ్వ ముందు. వాళ్లు బాలింతలుగా ఉన్నప్పుడు గుడ్డు తినండి, పాలు తాగండి, రాత్రి పస్తుండకండి అని వెంటపడి చెప్పింది నేను. వాళ్ల ముందు తినడం లేదని ఏ నోటితో చెప్పను? మీ మామయ్య యోబు పోయినప్పటి నుంచి ఒక్కదానికోసం రెండోసారి పొయ్యి వెలిగించ బుద్ధి కాదు. అంతే. లేక కాదు. నీకు చెబితే కామారెడ్డి వచ్చి ఉండమంటావని చెప్పలేదు.

మరిచిపోవడం వేరు, దాచడం వేరు, ప్రశ్న అర్థం కాకపోవడం వేరు. మీ సారు మూడింటినీ ఒకే చెత్తబుట్టలో వేస్తున్నాడు. అందుకని ఆశ్రితను పేర్లు అడిగి, నిన్నా ఇవాళా ఆ ఏడుగురిలో మిగిలినవాళ్ల ఇండ్లకు తిరిగాను. ఎందుకట్లా చెప్పారని అడిగి, వాళ్ల మాటల్లోనే రాసి, సంతకాలూ వేలిముద్రలూ తీసుకున్నాను. హంస్లి మాట ఉంది. పళ్లు లేక గుడ్డు నమలలేనని చెప్పడానికి సిగ్గుపడ్డ అంజవ్వ మాట ఉంది. మొదటిది నాదే. పేరుతో సహా రాశాను.

సాలవ్వ ఒక్కతే నోరు విప్పలేదు. కొడుకు భయం! ఈ కాగితాలు ఇవాళ బస్సులో కామారెడ్డి వస్తున్న ఆశ్రిత చేతికిస్తున్నాను. మైసన్న సంగతి నేను చూసుకుంటాను.

నువ్వు సంతకం పెట్టకు.

అత్తమ్మ

*

కామారెడ్డి,
సెప్టెంబర్ 6

ప్రియమైన అత్తమ్మకు,

సంతకం పెట్టలేదు. నీ కాగితాలు తీసుకుని, జాబితాతో పాటు పైన ఉండే పరిశీలన కమిటీకి పంపాను. సిద్దార్థ సారుకు కోపం వచ్చింది. కమిటీ ముందు హంస్లి మాటలు చదివింది ఆయనే. "ఇది ఆకు" అన్న చోట ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఒక మేడం, "ఇక్కడ జ్ఞాపకం పోయిందెక్కడ?" అని అడిగారు. 

తీసేసిన పేర్లన్నీ మళ్లీ లెక్కలోకి వచ్చాయి. ఈ పద్దెనిమిది ప్రశ్నలు మన దగ్గర పెద్దవాళ్ల తిండిని సరిగ్గా చెప్పలేవని నివేదికలో రాశారు. భోజనం పెట్టే సంస్థ దీన్ని వాడబోదు, కొత్త ప్రశ్నలు వచ్చేదాకా ఊళ్ల ఎంపిక ఆపింది. అంటే ఈ ఏడాది ఆ భోజనం ఎవరికీ లేదు. అది తలచుకుంటే గెలిచినట్టు అనిపించడం లేదు.

నన్ను సూపర్వైజర్ పని నుంచి తీసేశారు. కొత్త ప్రశ్నలు రాసేవాళ్ల దగ్గర కూర్చోబెట్టారు. శిక్షో కాదో నాకే తెలియదు.

సాలవ్వ పేరు ఎదురుగా "కారణం తెలియదు" అని రాయాల్సి వచ్చింది. మైసన్నతో గొడవ పడలేదు కదా?

నీ వందన

*

ఎల్లారెడ్డి,
సెప్టెంబర్ 15

ప్రియమైన వందనకు,

గొడవ పడ్డాను. వాడి వాకిట్లో, వాడకట్టంతా వింటుండగా.

"కన్నతల్లికి రాత్రి ఇంత ముద్ద పెట్టలేవా? గుమ్మంల నిలబడి ఆమె నోరు కట్టేస్తవా?" అని అరిచాను. మైసన్న మొహం తెల్లబోయింది. "ఏంది టీచరమ్మా? నేను మిల్లు నుంచి వచ్చేసరికి అమ్మ పండుకుంటది. తిన్నదనే అనుకుంటున్న" అన్నాడు. అనిల ఏడుస్తూ బయటికొచ్చింది. "రోజు పెడుత టీచరమ్మా. తర్వాత తింట అంటది. పొద్దుగాల చూస్తే పళ్లెం అట్లనే ఉంటది. గట్టిగ అడిగితే అలుగుతది, ఆయనకు చెప్పొద్దంటది" అంది.

అప్పుడు సాలవ్వ గోడ పట్టుకుని వచ్చింది. అంత కోపం ఆమె మొహంలో నేనెప్పుడూ చూడలేదు. "నా కొడుకునెందుకు తిడుతున్నవు?" అని నా చేయి పట్టి లోపలికి లాగి, చెవిలో ఏదో చెప్పింది. నా చెవుల సంగతి నీకు తెలుసు. "ఏంది? గట్టిగ చెప్పు" అన్నాను. మళ్లీ చెప్పింది. వినబడలేదు. మూడోసారి ఆమె విసిగిపోయి అరిచింది.

"రాత్రి తిని నీళ్లు తాగితే ఒంటేలుకు లేవాలె! బాత్రూం పెరట్ల ఆ కొసకు ఉంది, మూడు మెట్లు దిగాలె. మోకాలు వంగదు. ఎండకాలం ముందు పడ్డ. ఆడు పొద్దంత బస్తాలు మోసి పండుకుంటడు, ఎట్ల లేపుత? పడ్డనని తెలిస్తే మిల్లు మానుకుని నా పక్కన కూసుంటడు!"

వాడకట్టంతా విన్నది. మైసన్న విన్నాడు. ఆ రోజు ఆమె కొడుకు వైపే చూస్తూ అబద్ధం చెప్పింది, పడిపోయిన సంగతి వాడికి తెలియకూడదని.

మీ ఆశ్రితకు ఆరు నిమిషాలు పట్టిందని గంతులు వేశానే, నేను ఆరు నిమిషాలు కూడా అడగలేదు వందనా. చూసిందాన్ని పట్టుకుని రెండు నెలలు వాడిని దోషిని చేసి తిరిగాను. వాడకట్టు ముందు తిట్టాను కనక వాడకట్టు ముందే క్షమించమని అడిగాను. "మీరు అడిగినందుకే తెలిసింది గద టీచరమ్మా" అన్నాడు. ఆ మాటకు నాకు ఇంకా సిగ్గేసింది.

మర్నాడు వాడు పనికి పోలేదు. మెట్ల మీద సిమెంటు పోసి ఏటవాలుగా చేశాడు. పట్టుకోవడానికి ఇనుప పైపు బిగించాడు, బల్బు పెట్టాడు. అనిల ఇప్పుడు సాయంత్రం పొద్దుండగానే పళ్లెం పెడుతున్నది. మొదటి రోజు సాలవ్వ భయం భయంగా నాలుగు ముద్దలు తిన్నది. ఇప్పుడు మళ్లీ వడ్డించమంటున్నది. నేను కూడా ఆ వేళకు నా అన్నం గిన్నె తీసుకుని అక్కడికే పోతున్నాను. నిజమే రాస్తున్నాను, కావాలంటే అనిలను అడుగు.

ఇప్పుడు నీ పని. సాలవ్వ ఎదురుగా "కారణం తెలియదు" అన్నది కొట్టేయించు. కొత్త కాగితంలో బాత్రూం ఎంత దూరం, రాత్రి లేస్తే తోడెవరు అన్న ప్రశ్న పెట్టు. తిండి కాగితంలో బాత్రూం ఎందుకని మీ సిద్దార్థ సారు అంటే, ఎల్లారెడ్డి రమ్మను. చెవులు వినబడకపోయినా చెప్పడం నాకు బాగానే వచ్చు.

ప్రేమతో,
మీ అత్తమ్మ రూత్