మాఫీ అన్న ఒక్క మాట

శుక్రవారం, 1976
ఉమ్ ఘువైలినా, దోహా

ఇవాళ జర్మన్ సారుకు నిజం చెప్పేశాను. తన దేశంలో పల్లెల చరిత్రలు రాసిన మనిషి ఆయన. ఇప్పుడు ఇక్కడ ఉత్తరాన సముద్రం ఒడ్డునున్న అల్ రువైస్ అనే జాలర్ల పల్లె చరిత్ర రాస్తున్నాడు. నేనేమో వచ్చి నెల తిరక్కముందే అరబ్బీ వచ్చని కోతలు కోసి, ఆయన దగ్గర డ్రైవరుగా, దుబాసీగా కుదిరాను.

పోయిన వారం అక్కడి ముసలి జాలరిని, "పక్క ఊరితో పాత పగలున్నాయా?" అని సారు అడగమన్నాడు. వచ్చిన ముక్కలతో అడిగాను. "మాఫీ" అన్నాడు ముసలాయన. ఉండేవట, క్షమించేశారట అని చెప్పాను. సారు రాసుకున్నాడు.

నిన్న గదిలో ఈ సంగతి చెబితే, నాతో ఉండే మల్లేశం పడిపడి నవ్వాడు. "ఈడ మాఫీ అంటే లేదని అర్థంరా! లేని పగ నువ్వే పుట్టిచ్చినవ్."

పని పోతుందనుకుంటూనే పొద్దున సారుకు చెప్పాను. ఆయన ఆ వాక్యం కొట్టేసి పక్కన నా పేరు రాశాడు.

"తప్పు చేసినోడినని రాసిన్రా సార్?"

"కాదు, దిద్దినవాడివని."

తర్వాత మా ఊరి గురించి అడిగాడు. పక్క ఊరితో వాగు నీళ్ల తగాదా ఉందన్నాను.

"ఇప్పుడు మాఫీయా?" అని నవ్వాడు.

ఏ మాఫీ అడిగాడో తెలియలేదు. తగాదా ఇప్పుడు ఏమైందో అమ్మకు ఉత్తరం రాసి కనుక్కోవాలి. రెండిట్లో ఏదైనా సంతోషమే.