బదనిక ఎవరు?

బావా,

పోయిన వారం నీ ఏడాది తిథి. ఆ సాయంత్రం ఊళ్లో నీకు సంస్మరణ సభ పెట్టించింది ఎవరో తెలుసా? మన పంచాయతీ ప్రెసిడెంటే.

పాతకాలపు చైనా కవులు రాజును నేరుగా తిట్టలేక, పూలమొక్కలు వాడిపోయాయనీ, తోటంతా కలుపు పెరిగిందనీ రాసేవారని నువ్వే చెప్పావు. ఆ దారిలోనే నువ్వూ జీడిచెట్టు కొమ్మ మీద చేరి దాని రసం పీల్చే బదనిక గురించి పద్యం రాశావు. ఆ బదనిక ప్రెసిడెంటేనని ఉద్దానం ప్రాంతమంతా నవ్వుకుంది.

ఆ పద్యాన్నే ఆయన మైకులో చదివాడు. ఒక్క మాట తప్పు పోలేదు.

"ఈ బదనిక ఎదటి పార్టీవోడే. మాస్టారు అప్పుడే కనిపెట్టీసినారు," అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. నా వైపే చూస్తున్నాడని నేనూ కొట్టాను.

స్టేజీ దిగి నా భుజమ్మీద చెయ్యేశాడు. "ఏటి తమ్ముడూ, అర్తం సరిగ్గానే సెప్పానా?"

అర్థం కాక చదివాడా, అంతా అర్థమయ్యే చదివాడా? ఆ నవ్వులో ఏదీ తేలలేదు.

నీ పేరున నాటమని ఒక జీడిమొక్క కూడా ఇచ్చాడు. దాన్ని ఎక్కడైనా పారేద్దామనుకున్నాను. అప్పటికే అక్క పెరట్లో గొయ్యి తీసేసింది.

"మొక్కేటి సేసిందిరా పాపం? నాటీయ్," అంది.

నాటాను. నీ చైనా కవుల పుణ్యమా అని మొక్కను మొక్కలా చూడలేకపోతున్నాను. రోజూ నీళ్లు పోస్తున్నాను. పోసినప్పుడల్లా, ఉన్న ఆ నాలుగాకులూ పక్కకు తీసి, బదనిక ఎక్కడైనా అంటుకుందేమోనని వెతుకుతున్నాను.