ఎడమ పక్క చెవి

జూన్ 2, సోమవారం

బండి అమ్మేస్తున్నాను. బర్గూరు గోవిందప్పకు మాట ఇచ్చేశాను. ఆదివారం వచ్చి తోలుకుపోతాడు. ముందు బంపర్ ఒక్కటి గట్టిగా నిలబెట్టి ఇవ్వమన్నాడు. "ఊరందరి బంపర్లూ అతికిస్తావు, నీ బండికేమప్పా మునిరాజా, ట్యాగులు కట్టి పెట్టినావు?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఏం చెప్పేది?

జూన్ 3, మంగళవారం

షట్టర్ ఎత్తగానే ఎదురుగా అదే బండి. రత్నమ్మ పోయి ఈ రోజుకు నలభై ఆరు రోజులు. మూడు రోజుల జ్వరం, అంతే. ఇరవై ఆరేళ్లు పక్కనున్న మనిషి... ఆ బండి కళ్ల ముందు లేకపోతే ముద్ద దిగుతుందేమో అని ఆశ. అందుకే అమ్మకం.

చెయ్యి మాత్రం వేయలేదు. వేరేవాళ్ల బంపర్లు రెండు చేసి పంపాను. వేరేవాళ్లవి ఎప్పుడూ చేస్తాను.

జూన్ 4, బుధవారం

బంపర్ విప్పాను. నేను కట్టిన నల్ల ప్లాస్టిక్ ట్యాగులు ఎండకు పెళుసెక్కి, వేలు తగలగానే టప్పుమని తెగాయి. నాలుగు చెవులు, అంటే స్క్రూలు పట్టే చోట్లు. కుడివైపు రెండూ చీలాయి. నడిమిది బొక్క సాగిపోయి స్క్రూ నిలవదు. ఎడమది హెడ్‌లైటు కింద... మట్టి గడ్డకట్టి ఉంది, కడిగితే గానీ తెలియదు. అంతా కలిపి రెండు గంటల పని. ఏడాదిన్నరలో రెండు గంటలు దొరకలేదు నాకు. థూ.

మూలల్లో పసుపు ఇంకా పోలేదు. పోయిన ఆయుధ పూజకు రత్నమ్మ రాసింది. విరిగిన బంపర్‌కే పసుపు, ట్యాగు మీదే కుంకుమ బొట్టు. "బొట్టు పెట్టినాను, ఇంక నువ్వు చేయల్లయ్యా."

"రేపు చేస్తాలే."

"సరే."

జూన్ 5, గురువారం

నలభై ఏడేళ్లకు స్టీరింగ్ పట్టింది రత్నమ్మ. గులాబీ తోటలో పూలు కోసే పని ముగించుకుని, సాయంత్రాలు నేర్చుకుంది. లైసెన్సు వచ్చిన రోజు మూకండపల్లి మొత్తానికీ చూపించింది. ఒకటే కోరిక, సామల్పట్టిలో చెల్లెలు సుశీల ఇంటికి తానే తోలుకుపోవాలని. నేను పక్కన కూర్చోవాలట, నోరు మూసుకుని.

వారం తిరగకముందే గేటు పక్క రాతి కూసానికి గుద్దింది. చిన్న దెబ్బ. షెడ్డులో నలుగురు గిరాకీలున్నారు. అందరి ముందరా అరిచాను — "పట్టపగలు అంత రాయి కనపడలేదా? కండ్లు యాడ పెట్టుకున్నావు? నీకు బండేమిటికి, పూలు కోసుకో పో!"

వాళ్లు నవ్వారు. తనూ నవ్వింది. లోపలికి వచ్చి తాళంచెవి మేకుకు తగిలించింది. మళ్లీ తీయలేదు.

నా నోరు పడిపోను.

అదే రోజు, సాయంత్రం

కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది, పని మొదలుపెట్టాను. పాత బంపర్ ఒకటి కోసి పట్టీలు చేసుకున్నాను. ఈ ప్లాస్టిక్‌కు ఏ గమ్మూ పట్టదు. అదే జాతి ముక్కను కరిగించి పోయాలి. చీలికను రెండువైపులా గాడి తీయడం, స్టీలు జల్లెడ ముక్కను వేడిగా లోపలికి నొక్కడం, పైన పట్టీ కరిగించడం. చల్లారాక బొక్క. మూడు చెవులు అయ్యాయి. పట్టుకుని వేలాడినా ఊడవు.

చేతులకు అన్నీ తెలుసు. మనిషికే బుద్ధి లేదు.

జూన్ 6, శుక్రవారం

ఎడమ చెవి కడిగాను. మట్టి పోయింది. కింద బూడిద రంగు ముద్ద. పైపులు కారితే పెడతామే, రెండు రంగులు కలిపి పిసికేది, అది.

నేను పెట్టలేదు. నేను చచ్చినా పెట్టను, ఈ ప్లాస్టిక్‌కు అది అతుక్కోదు. విరిగిన చెవి చుట్టూ అటూ ఇటూ కలిపి బిరడాలా బిగించారు, అందుకే ఊడకుండా వేలాడుతోంది. నడుమ స్క్రూ కోసం పిన్నీసుతో పొడిచిన బొక్క. అర అంగుళం పక్కకు పోయింది.

వెలుతురులోకి తిప్పాను. ముద్ద మీద బొటనవేలి ముద్ర. గీతలన్నీ ఉన్నాయి. వాటికి అడ్డంగా ఒక గాటు. తోటలో కత్తెరకు తెగి మూడు కుట్లు పడిన వేలు అది.

నేల మీద కూర్చుండిపోయాను.

స్నానాల గది పైపుకు తెచ్చిన ముద్దలో సగమేమైందని అప్పట్లో ఇల్లెగిరేలా అరిచాను. "ఏమో" అంది. వచ్చిన ప్రతి గిరాకీకీ చెబుతాను, దీనికి గమ్ము పట్టదు, కరిగించి అతకాలి అని. ఇంట్లో మనిషికి చెప్పలేదు. అడిగి ఉంటే చెప్పేవాడిని అనుకోబోయాను... అడగడానికి నా మొహం అట్లా ఉండాలి కదా.

జూన్ 7, శనివారం

సుశీలకు ఫోన్ చేశాను. ముద్ద సంగతి చెప్పాను. ఏడ్చింది.

"తెలుసు బావా. మార్చిలో అక్క చెప్పింది. 'బంపర్ నేనే అతికిచ్చినానే, ఆదివారం బండి తోలుకొని వస్తా, కోడి కొయ్యి' అన్నది. మళ్లా రెండు దినాలకు... 'స్క్రూ పట్టలేదే, మీ బావనే అడగల్ల' అన్నది. అడిగిందా బావా?"

అడిగింది. ఎవరి బంపర్ మీదో వంగి ఉన్నాను. "ఎడమ పక్కది ఒక్కటి చూస్తావాయ్యా?" అంది. తలెత్తకుండానే రేపు అన్నాను. సరే అంది.

సుశీలతో గుర్తులేదన్నాను. అబద్ధం.

ముద్ర ఉన్న ముద్ద మీద కొత్త ప్లాస్టిక్ అతకదు. గ్రైండర్‌తో అరగదీసి పారేయాలి. దాన్ని తీయకుండా ఆ చెవి నిలబడదు. నిలబడకపోతే బండి ఇవ్వలేను. వేరే దారి ఉందేమోనని నాలుగుసార్లు తిప్పి చూశాను. లేదు.

జూన్ 8, ఆదివారం

గోవిందప్ప పొద్దున్నే దిగాడు, నిమ్మకాయలూ పూలహారంతో సహా. బంపర్ బిగించి ఉంచాను. కుడివైపు నొక్కి చూశాడు, తల ఊపాడు. ఎడమ మూల అరచేత్తో తోశాడు.

"ఈ పక్క ఆడతా ఉండాదే. మూడూ రాయి మాదిరి నిలిచినాయి, ఇదేమప్పా?"

"అదొకటి మిగిలింది."

"ఎంత సేపు?"

"అర గంట."

"అంతేనా! చేసేయప్పా, ఈడే కూసుంటా."

బంపర్ మళ్లీ విప్పాను. బల్ల మీద బోర్లా వేశాను. గ్రైండర్ ప్లగ్గు పెట్టాను. డిస్కు తిరిగింది. ముద్ర మీదికి తెచ్చాను... ఆ గాటు కనపడింది. ఆపేశాను.

"రేపు" అన్నాను.

నా గొంతు నాకే వినపడింది. ఎన్నిసార్లు అన్న మాట! ఆయన నా మొహం చూశాడు. హారం, నిమ్మకాయలు బల్ల మీద పెట్టి లేచాడు. రోడ్డు దాకా పోయి, వెనక్కి తిరిగి అరిచాడు.

"నిజంగా రేపేనా అప్పా?"

చెయ్యి ఊపాను.

రత్నమ్మ ఒక్కసారి కూడా అట్లా అడగలేదు. సరే అని లోపలికి పోయేది.

గ్రైండర్ ప్లగ్గు ఇంకా తీయలేదు.